సుంకి ఘాటీ ఎక్కే కారుకి ఏ ఆయిల్? మినరల్, సెమీ, ఫుల్లీ సింథటిక్ డబ్బాలపై సమీక్ష

సాలూరు దాటాక మొదలయ్యే సుంకి ఘాటీ (కొండదారి) ఎక్కి, ఒడిశాలోని పొట్టంగి, సెమిలిగుడల మీదుగా కోరాపుట్ చేరి, అక్కణ్ణుంచి జయపురం దిగే కారులో ఇంజిన్ ఆయిల్ పడే పాట్లు విజయనగరం, విశాఖల మధ్య తిరిగే కారులో ఆయిల్‌కి ఉండవు. ఎక్కేటప్పుడు రెండో గేరులో లోడు మీద కాగుతుంది. దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజిన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఎండాకాలం ఎర్రమట్టి దుమ్ము, సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గట్టి చలి, వానాకాలం నాలుగు నెలలూ గాలినిండా తేమ. కాబట్టి సింథటిక్ మంచిదా, మామూలు ఆయిల్ మంచిదా అన్న ప్రశ్నకి కోరాపుట్, రాయగడ జిల్లాల్లో వచ్చే జవాబు హైదరాబాద్‌లో వచ్చే జవాబు కాదు.

ఈ సమీక్షకి తీసుకున్నవి ఒకే కంపెనీ అమ్మే మూడు రకాలు. షెల్ హీలిక్స్ వరుసలో హెచ్‌ఎక్స్5 15డబ్ల్యూ-40 మినరల్, హెచ్‌ఎక్స్7 10డబ్ల్యూ-40 సెమీ సింథటిక్, అల్ట్రా 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్. మొబిల్ వాడేవాళ్లు వీటిని సూపర్ 1000, 2000, 3000 అని చదువుకోవచ్చు. సర్వో, మ్యాక్, క్యాస్ట్రాల్, గల్ఫ్ దుకాణాల్లోనూ ఈ మూడు రకాలూ ఉంటాయి, పేర్లే వేరు. కంపెనీకీ కంపెనీకీ ఉన్న తేడా కన్నా రకానికీ రకానికీ ఉన్న తేడా చాలా పెద్దది.

తీర్పు ముందే చెప్పేస్తాం. మినరల్ నుంచి సింథటిక్‌కి మారినా, సింథటిక్ నుంచి మినరల్‌కి వచ్చినా, లోపల బురద పేరుకుని లేకపోతే, మారడం వల్ల ఇంజిన్ పాడవదు. కారుతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకం ఒప్పుకోని గ్రేడు పోసినప్పుడూ, డబ్బా వెనక రాసిన ప్రమాణం తగ్గినప్పుడూ, కొత్త ఆయిల్ పోసి పాత కిలోమీటర్ల లెక్కే పట్టుకున్నప్పుడూ పాడవుతుంది.

డబ్బా ముందు పేరు, డబ్బా వెనక అక్షరాలు

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న "సింథటిక్" అనే మాటని అంతగా నమ్మక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్‌కి మూలమైన బేస్ ఆయిల్స్‌ని ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అయిదు గ్రూపులుగా విడగొట్టింది. 1, 2 గ్రూపులు మామూలు మినరల్. 3వ గ్రూపు ముడిచమురు నుంచే వచ్చినా, హైడ్రోజన్‌తో బాగా శుద్ధి చేసింది. 4వది పీఏఓ, అంటే ప్రయోగశాల పద్ధతిలో కట్టిన నూనె. మిగతావన్నీ, ఎస్టర్లతో సహా, 5వ గ్రూపు. 3వ గ్రూపుని సింథటిక్ అనొచ్చా అని మొబిల్, క్యాస్ట్రాల్‌ల మధ్య అమెరికాలో తగాదా నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ అనొచ్చు అని తేల్చింది. అప్పట్నుంచి మార్కెట్లో "ఫుల్లీ సింథటిక్" డబ్బాల్లో ఎక్కువ భాగం 3వ గ్రూపువే. అది మోసమేమీ కాదు, నూనె నిజంగా మంచిదే. అసలు తికమక "సింథటిక్ టెక్నాలజీ" అన్న మాటతో వస్తుంది. చాలాసార్లు దాని అర్థం సెమీ అనే. సెమీలో సింథటిక్ పాలు ఎంత ఉండాలో ఏ నిబంధనా గట్టిగా చెప్పదు.

చదవాల్సింది వెనక వైపు. అక్కడ రెండు సంగతులుంటాయి: చిక్కదనం చెప్పే ఎస్‌ఏఈ గ్రేడు, నాణ్యత చెప్పే ఏపీఐ లేదా ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ప్రమాణం. 15డబ్ల్యూ-40లో "40" అంటే 100 డిగ్రీల దగ్గర చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు. "30" అయితే 9.3 నుంచి 12.5 లోపు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజిన్ తిరిగే తీరు చెబుతుంది. 15డబ్ల్యూని సున్నాకి 20 డిగ్రీలు కింద పరీక్షిస్తారు, 5డబ్ల్యూని సున్నాకి 30 కింద. పొట్టంగిలో ఎంత చలి పెట్టినా అక్కడిదాకా పోదు కదా అనుకోవచ్చు. నిజమే, ఏ ఆయిలూ గడ్డకట్టదు. కానీ 40 డిగ్రీల దగ్గరే 15డబ్ల్యూ-40 సుమారు 105 సెంటీస్టోక్స్ ఉంటే, 5డబ్ల్యూ-40 ఎనభై చిల్లరే. 10 డిగ్రీలకి దిగేసరికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ పైభాగంలో ఉండే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ చేరే ఆ కొన్ని క్షణాల్లోనే అరుగుదల ఎక్కువ. రాత్రంతా బయట నిలిపిన కారు ట్యాపెట్లు పొద్దున్న కాసేపు టకటకలాడితే, 5డబ్ల్యూకి మారాక ఆ శబ్దం తగ్గడం చెవికే తెలుస్తుంది.

ఘాటీ మీద ఈ మూడూ ఎలా ఉంటాయి

మినరల్ 15డబ్ల్యూ-40 గురించి చెడుగా చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వేడి మీద నలిగినప్పుడు పొర ఎంత నిలుస్తుందో చెప్పే హెచ్‌టీహెచ్‌ఎస్ కొలత దీనికి కనీసం 3.7 ఉండాలి. 5డబ్ల్యూ-40కి 3.5, 5డబ్ల్యూ-30కి 2.9. అంటే కొత్తగా పోసిన రోజున లోడు మోసే బలంలో మినరల్ తీసిపోదు. దాని బలహీనత నిలకడ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆయిల్ ఆక్సీకరణ దాదాపు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని ఘాటీ ఎక్కే చిన్న కారులో ఆయిల్ వేడి చదును రోడ్డు కన్నా బాగా పైకి పోతుంది. మినరల్ అక్కడ త్వరగా నల్లబడి చిక్కబడుతుంది, కొంత ఆవిరైపోతుంది కూడా. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఆవిరైందో చూసే నోయాక్ పరీక్షలో ఏపీఐ ఎస్‌పీ 5డబ్ల్యూ-30 లాంటి గ్రేడులకి 15 శాతం దాకా అనుమతి ఉంది. మంచి ఫుల్లీ సింథటిక్‌లు 10 శాతం దగ్గరే ఆగుతాయి.

సెమీ 10డబ్ల్యూ-40 ఎవరికి? టర్బో లేని, పదేళ్లు పైబడిన పెట్రోలు కార్లకి, అదీ మాన్యువల్ ఆ గ్రేడుని ఒప్పుకుంటేనే. లక్ష కిలోమీటర్లు దాటి, ఆయిల్ కొద్దికొద్దిగా తాగుతున్న ఇంజిన్‌కి ఇదే సరైన ఆగే చోటు. చలికి 15డబ్ల్యూ కన్నా కొంచెం నయం, ధరకి ఫుల్లీ కన్నా చాలా నయం. మూడింటిలోనూ ఇక్కడి పాత కార్లకి ఎక్కువగా నప్పేది ఇదేనని మా ఉద్దేశం. దుకాణాల్లో మాత్రం దీన్ని అడిగేవాళ్లు తక్కువ. మినరల్ అడిగేవాళ్లు చవక కోసం అడుగుతారు, ఫుల్లీ అడిగేవాళ్లు పేరు కోసం.

ఫుల్లీ 5డబ్ల్యూ-40 పనితనం టర్బో ఉన్న ఇంజిన్‌లోనే పూర్తిగా కనబడుతుంది. ఘాటీ ఎక్కి పైన టీ కోసం ఆగి వెంటనే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాగిన టర్బో బేరింగ్‌లో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటుంది. సింథటిక్ ఇక్కడ మినరల్ కన్నా ఎక్కువ ఓర్చుకుంటుంది. అయినా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపడమే దానికి అసలు మందు. ఏ డబ్బా కొన్నా ఈ నిమిషం మానకూడదు.

దుమ్ము మాట కూడా ఇక్కడే. దమన్‌జోడి చుట్టుపక్కలా, పని జరుగుతున్న రోడ్ల మీదా తిరిగే కార్లలో అరుగుదలకి పెద్ద కారణం ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికొచ్చే మట్టి. ఫిల్టర్ డబ్బా క్లిప్ ఒకటి విరిగి పక్కనుంచి గాలి లాగుతుంటే అల్ట్రా పోసినా, బావి నీళ్లు పోసినా రింగులకి ఒకటే. సింథటిక్‌కి పెట్టే అదనపు డబ్బులో మొదటి వాటా ఎయిర్ ఫిల్టర్‌కి పోవాలి.

డబ్బు లెక్క

సింథటిక్ ధర మినరల్‌కి రెండింతల పైనే ఉంటుంది. "కానీ రెండింతల దూరం వస్తుంది, ఖర్చు సమానం" అని అమ్మేవాళ్లు చెబుతారు. చదును రోడ్డు మీద అది కొంతవరకు నిజం. మన దగ్గర కాదు. కార్ల మాన్యువల్ వెనక "కఠిన పరిస్థితులు" అని ఒక పట్టిక ఉంటుంది: దుమ్ము రోడ్లు, కొండ దారులు, తరచూ దగ్గర దగ్గర ప్రయాణాలు. వాటికి ఆయిల్ మార్చే గడువుని తగ్గించేస్తారు, చాలా వాటిలో సగానికి. కోరాపుట్, రాయగడ జిల్లాలు మొత్తం ఆ పట్టికలోనే ఉన్నాయనుకోవాలి.

మాన్యువల్ 10,000 కిలోమీటర్లు అని చెప్పే, వారంటీ దాటిన కారుకి ఘాటీ వాడకంలో మేం చెప్పే గడువులు ఇవి: మినరల్‌కి 5,000, సెమీకి 6,000 నుంచి 6,500, ఫుల్లీకి 7,500. ఏదైనా ఏడాది దాటకూడదు, మినరల్ అయితే ఆరు నెలలు. వారంటీలో ఉన్న కారుకి మాన్యువల్ చెప్పిందే చివరి మాట. ఈ లెక్కన 15,000 కిలోమీటర్లకి మినరల్ మూడుసార్లు, ఫుల్లీ రెండుసార్లు. ధర రెండున్నర రెట్లు అనుకుంటే మినరల్‌కి 3 వంతులు, ఫుల్లీకి 5 వంతులు. అందులోంచి ఒక ఫిల్టర్, ఒకసారి కూలీ తీసేసినా ఫుల్లీ ఖరీదే. కాబట్టి సింథటిక్‌తో డబ్బు మిగులుతుందనుకుని మారకండి. టర్బో, క్యామ్, టైమింగ్ చైన్‌ల ఆయుష్షు కోసం మారండి, అవి ఉంటే.

మినరల్ నుంచి సింథటిక్‌కి

ముందు ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేసి చూడాలి. లోపల లోహం మీద బంగారు రంగు పూత ఉంటే ఏ బెంగా లేదు. నల్లగా, వేలితో గీస్తే ముద్దగా వచ్చే బురద ఉంటే ఒక్కసారిగా ఫుల్లీకి పోవద్దు. కొత్త నూనెలోని శుభ్రం చేసే గుణం ఆ బురదని పెచ్చులుగా ఊడదీస్తే, అది ఛాంబర్‌లో (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉన్న జాలికి అడ్డం పడి ఆయిల్ ప్రెషర్ పడిపోవచ్చు. అలాంటి ఇంజిన్‌కి సెమీ పోసి, రెండు, మూడు వేల కిలోమీటర్లకోసారి చొప్పున ఫిల్టర్‌తో సహా రెండుసార్లు మార్చి, బురద తగ్గాక అప్పుడు ఆలోచించాలి. వానాకాలంలో మూత కింద తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే మాత్రం వెంటనే హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లో కలిసిందని కంగారు పడక్కర్లేదు. ఊళ్లోనే రెండు, మూడు కిలోమీటర్లు తిరిగే కారులో తేమ ఆవిరవ్వక అలా పేరుకుంటుంది. కూలెంట్ తగ్గకుండా ఉంటే ఒక దూర ప్రయాణంతో పోతుంది. కూలెంట్ కూడా తగ్గుతుంటే అది వేరే కథ, ఆయిల్ పని ఆపి మెకానిక్‌కి చూపించాలి.

డీజిల్ పోసి కడగడం అనే అలవాటు మా ప్రాంతంలో గట్టిగా ఉంది. పాత ఆయిల్ తీసేసి, రెండు లీటర్ల డీజిల్ పోసి, అయిదు నిమిషాలు ఇంజిన్ తిప్పి వదిలేస్తారు. ఇది మానాలి. డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్. దాని మీద తిరిగే బేరింగ్‌కి పొర అనేదే ఉండదు. పైగా మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. మారడానికి ఫ్లష్ అవసరం లేదు. ఎంత వంచినా మూడు, నాలుగు వందల మిల్లీలీటర్ల పాత ఆయిల్ లోపల ఉండిపోతుంది, దానివల్ల ఏమీ కాదు. ఏపీఐ ప్రమాణం ఉన్న ఆయిల్స్ అన్నీ ఒకదానితో ఒకటి విడిపోకుండా కలవాలన్నది ఆ ప్రమాణంలోనే ఉన్న నిబంధన. "కలిస్తే గడ్డకడుతుంది" అన్నది పుకారు.

ఇక పని. ఇంజిన్‌ని అయిదు, పది నిమిషాలు తిప్పి గోరువెచ్చగా చేసుకోవాలి, చెయ్యి కాలేంత కాదు. చదును నేల, జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండ్లు. పై మూత తీసి, కింద డ్రెయిన్ బోల్ట్ విప్పి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వదిలేయాలి. కారే ధార ఆగి చుక్కలు పడటం మొదలైనా తొందరపడొద్దు. ఫిల్టర్ తప్పనిసరిగా మార్చాలి, పాతదాంట్లోనే పావు లీటరు దాకా నల్ల ఆయిల్ ఉంటుంది. పాత ఫిల్టర్ తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. రెండు రింగుల మీద బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిల్ అంతా నేల మీద ఉంటుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఆనిన దగ్గర్నుంచి చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు.

డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేయాలి. చాలా మారుతి కార్లలో ఆ బోల్ట్ బిగింపు 35 న్యూటన్ మీటర్లు. పొడుగు పాన పట్టుకుని బలమంతా పెడితే మర పోతుంది. ఛాంబర్ అల్యూమినియందైతే మర వేయించడమో, ఛాంబరే మార్చడమో అవుతుంది. సింథటిక్‌కి మారాక "లీకు మొదలైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో పాత వాషర్‌నే మళ్లీ వాడినవి తక్కువేం కాదు.

పోసేటప్పుడు జరిగే తప్పు ఒకటే, కానీ ఊరూరా జరుగుతుంది. డబ్బా 3.5 లీటర్లది, స్విఫ్ట్ 1.2 కె-సిరీస్ పెట్రోలు ఇంజిన్ ఫిల్టర్‌తో కలిపి తీసుకునేది 3.1 లీటర్లు. మిగిలింది ఎందుకని డబ్బా మొత్తం వంపేస్తారు. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్‌షాఫ్ట్ కొట్టి నురగ చేస్తుంది, నురగకి ప్రెషర్ నిలవదు, మిగతాది బ్రీతర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ వైపు వచ్చేస్తుంది. 2.75 లీటర్లు పోసి, నిమిషం తిప్పి, ప్రెషర్ దీపం నాలుగైదు సెకన్లలో ఆరిందని చూసి, ఆపి పది నిమిషాలాగి, గేజ్ పుల్ల (డిప్‌స్టిక్) చూసుకుంటూ మిగతాది కొంచెం కొంచెంగా పోయాలి. రెండు గుర్తుల మధ్య పైనుంచి పావు వంతు తక్కువ దగ్గర ఆపితే సరి. మిగిలిన ఆయిల్ డబ్బాని డిక్కీలో పెట్టుకోండి, పనికొస్తుంది.

మారాక మొదటి గడువు 5,000కే కుదించాలి. మొదటి వెయ్యి కిలోమీటర్లలో రెండు, మూడుసార్లు గేజ్ చూడాలి. లీకు వస్తే ఈ లోపే వస్తుంది. అలా వచ్చే లీకుకి సింథటిక్ కారణం కాదు. ఎండి బిరుసెక్కిన సీలుని ఇన్నాళ్లూ బురద మూసి ఉంచింది, ఇప్పుడది కడుక్కుపోయింది, అంతే. 1970లలో తొలి సింథటిక్ ఆయిల్స్ నిజంగానే కొన్ని రబ్బరు సీళ్లని ఇబ్బంది పెట్టాయి. ఇప్పుడు అమ్మేవాటిలో సీలు కుంచించుకుపోకుండా చూసే కలుపు ఉంటుంది. అప్పటి పుకారు ఇప్పటికీ షెడ్లలో తిరుగుతోంది.

ఘాటీకి మాత్రమే చెందిన ఇంకో లక్షణం ఉంది. పెట్రోలు కారు సుంకి నుంచి సాలూరు వైపు గేరులో దిగుతున్నంతసేపూ ఇంటేక్‌లో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. వాల్వ్ సీళ్లు అరిగి ఉంటే ఆయిల్‌ని అది లోపలికి లాగేస్తుంది. కింద చేరి యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ గుప్పుమంటుంది. పలచని గ్రేడుకి మారినప్పుడు ఈ పొగ ఎక్కువవుతుంది. అప్పుడు మార్చాల్సింది వాల్వ్ సీళ్లు. ఆ లోపు 10డబ్ల్యూ-40కి వెనక్కి రావచ్చు, మాన్యువల్ ఒప్పుకుంటే.

వెనక్కి, అంటే సింథటిక్ నుంచి మినరల్‌కి

"ఒకసారి సింథటిక్ పోశాక వెనక్కి రాకూడదు" అనే మాట కూడా తప్పే. పని అంతా పైన చెప్పినట్టే. ప్రమాదం రెండు చోట్ల ఉంది.

మొదటిది, 10,000 అలవాటైన మనిషి మినరల్ పోసి కూడా 10,000 దాకా ఆగడం. పాత డీజిల్ స్విఫ్ట్‌లో, అంటే ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజిన్‌లో, టైమింగ్ చైన్ బిగువు ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడుతుంది. అందులో మూడు లీటర్ల పైచిలుకే ఆయిల్, డీజిల్ మసి అంతా దాంట్లోకే. అలాంటి ఇంజిన్‌లో మినరల్‌ని సాగదీస్తే చైన్ శబ్దం మొదలవుతుంది, ఆ తర్వాతి బిల్లు ముందు పదేళ్ల సింథటిక్ ఖర్చు చిన్నదే.

రెండోది గ్రేడు. 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అడిగే కార్లకి మినరల్‌లోకి దిగడం అంటే గ్రేడు మార్చుకోవడమే, ఎందుకంటే ఆ పలచని గ్రేడుల్లో నిఖార్సయిన మినరల్ ఆయిల్ దొరకడం అరుదు. మారుతి బీఎస్6 కె-సిరీస్ ఇంజిన్లకి 0డబ్ల్యూ-16నే మొదటి ఎంపికగా చెబుతోంది. దాంట్లో 20డబ్ల్యూ-50 పోస్తే వెంటనే ఆగిపోదు, కానీ వాల్వ్ టైమింగ్ యంత్రాంగం ఆ చిక్కటి ఆయిల్‌తో మందగిస్తుంది, మైలేజీ పడుతుంది, చలి పొద్దున్న ఇంజిన్ పైభాగం ఆయిల్ అందక ఆకలితో తిరుగుతుంది. జయపురం దుకాణంలో 0డబ్ల్యూ-16 దొరక్కపోతే మాన్యువల్‌లో రెండో వరుసలో ఉన్న గ్రేడు అడగాలి తప్ప, కౌంటర్ మీద ఉన్నది కాదు.

ఇక ఎప్పుడూ వెనక్కి రాకూడని కార్లు రెండు రకాలు. ఇక్కడ మాత్రం మాకు మొహమాటం లేదు.

ఒకటి బీఎస్6 డీజిల్. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. మసిని అది కాల్చుకోగలదు, ఆయిల్‌లోని లోహపు కలుపుల బూడిదని కాల్చుకోలేదు. ఏసీఈఏ సీ2, సీ3 ఆయిల్స్‌లో బూడిద 0.8 శాతానికి మించదు. లారీల కోసం అమ్మే మామూలు సీఐ-4 15డబ్ల్యూ-40లో అది దాదాపు అంతకు రెండింతలు ఉండొచ్చు. ఆ బూడిద డీపీఎఫ్‌లో ఉండిపోతుంది, దాన్ని మార్చడం అంటే చిన్న ఖర్చు కాదు. ఇదే కార్లలో ఇంకో సంగతి: రాయగడ ఊళ్లోనే తిరిగితే మసి కాల్చే పని మధ్యలో ఆగిపోతూ, అదనంగా చల్లిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ మీద మట్టం పెరుగుతుంటే సంతోషించకండి, పై గుర్తు దాటితే గడువు రాకపోయినా మార్చాల్సిందే. ఎంత ఖరీదైన సింథటిక్ అయినా దీనికి మినహాయింపు కాదు. వారానికోసారి లక్ష్మీపూర్ దాకా అయినా ఆగకుండా నడిపితే ఈ బాధ తగ్గుతుంది.

రెండోది చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్. తక్కువ వేగంలో పై గేరులో ఘాటీ ఎక్కిస్తే వీటిలో ఇంధనం ముందే అంటుకుని పిస్టన్‌ని కొట్టే జబ్బు ఉంది, దాన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఆయిల్‌లో కాల్షియం కలుపు ఎక్కువైతే ఈ జబ్బు ఎక్కువవుతుంది. అందుకే 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. డబ్బా వెనక ఎస్‌పీ గానీ, దాని తర్వాతి ప్రమాణం గానీ లేనిది ఈ కార్లలో పోయొద్దు. డీజిల్ ఆయిల్ అసలే వద్దు. దాంతోపాటు మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర ఈడ్చకుండా రెండోకి దించి ఎక్కించడం నేర్చుకోవాలి.

పాత బొలెరో, సుమోలు

వీటికి సింథటిక్ సిఫారసు చేయం. పాత సర్వీసు జీపులు, బీఎస్6కి ముందు బొలెరోలు మంచి 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ మీద, సరైన గడువుకి మారుస్తూ, హాయిగా తిరుగుతాయి. బ్యాక్ కంప్రెషన్ కొడుతూ (అరిగిన రింగుల పక్కనుంచి గ్యాసు ఛాంబర్‌లోకి తన్నుతూ), వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగే ఇంజిన్‌లో ఫుల్లీ పోయడం అంటే ఆ డబ్బుని సైలెన్సర్ గుండా పంపడమే. ఆ స్థాయికి వచ్చాక రింగుల పని చేయించాలి, లేదా అప్పటిదాకా మినరల్‌తో నెట్టుకురావాలి. ఎంత నింపాలో మాత్రం ఇంజిన్‌ని బట్టి బాగా మారుతుంది కాబట్టి మాన్యువల్, గేజ్ రెండూ చూడాలి.

కొనేటప్పుడు

పెట్రోలు బంకు, కంపెనీ డీలరు, పేరున్న స్పేర్ పార్ట్స్ దుకాణం, ఇవి మూడే. లూజు ఆయిల్ లీటరుకి ఎంత చవకైనా వద్దు. మూత కింద సీలు, డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, క్యూఆర్ కోడ్ చూడాలి. బ్యాచ్ నంబరు గోటితో చెరిగిపోతే తిరిగిచ్చేయండి. ఖరీదైన సింథటిక్ ఖాళీ డబ్బాలకే నకిలీ వాళ్ల దగ్గర గిరాకీ ఎక్కువ. పని అయ్యాక మీ డబ్బాని షెడ్డులో వదలకుండా మేకుతో రెండు కన్నాలు పెట్టి పారేయండి. వాడిన ఆయిల్‌ని చెదలకని తలుపులకీ కంచె గుంజలకీ పూసే అలవాటు పల్లెల్లో ఉంది. అందులో క్యాన్సర్ కలిగించే పదార్థాలుంటాయి, చేత్తో ముట్టుకోకపోవడం మంచిది. కాలువలో పోయడం అంతకన్నా తప్పు.

కోరాపుట్, రాయగడల మధ్య చీకటి పడ్డాక ఆయిల్ దీపం వెలిగితే వెంటనే ఆపాలి. గేజ్ కింది గుర్తు కన్నా తక్కువ చూపిస్తే దగ్గర్లో దొరికిన ఏ ఇంజిన్ ఆయిల్ అయినా, మినరలైనా, ఏ గ్రేడైనా, పోయండి. ఖాళీ ఛాంబర్‌తో అయిదు కిలోమీటర్లు వెళ్లడం కన్నా అది వెయ్యిరెట్లు నయం. డిక్కీలో మిగిలిన అర లీటరు ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది. మట్టం సరిగ్గా ఉండి కూడా దీపం వెలుగుతుంటే మాత్రం అది ప్రెషర్ సమస్య, ఇంజిన్ తిప్పకుండా బండిని లాగించుకుపోవడమే దారి. అలా కలిపిన ఆయిల్‌ని మొత్తం మినరల్ కిందే లెక్కగట్టండి. బీఎస్6 డీజిల్, టర్బో పెట్రోలు అయితే ఇంటికి చేరగానే తీయించేయాలి. మిగతా కార్లకి చివరిసారి మార్చిన దగ్గర్నుంచి 5,000 దాటకుండా మార్చుకుంటే సరిపోతుంది.